కాలిన ఇనుపగుండు సాక్ష్యం

మన ఉక్కు ఊరి బిర్సానగర్‌లోనైనా బొబ్బిలిలోనైనా పుకారు వినగానే మనవాళ్ళు అనే మాట ఒకటే: నిప్పు లేనిదే పొగ రాదు. సామెతకేం, బాగానే ఉంది. కళ్ళకు కనబడ్డది పొగేనా అన్నదే పేచీ. ఉక్కు కర్మాగారాల్లో ఎర్రటి కోక్ మీద నీళ్ళు గుమ్మరిస్తే తెల్లటి మేఘం లేస్తుంది. దూరానికి అది పొగలాగే ఉంటుంది. తీరా చూస్తే ఆవిరి. అక్కడ నిప్పు ఆరిపోతోంది.

ఈ పొగా నిప్పుల మీదే మన తర్కశాస్త్రం పెరిగింది. గౌతముడి న్యాయసూత్రాలు వాదానికి ఐదు అంగాలు పెట్టాయి: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. కొండ మీద నిప్పుంది, ఎందుకంటే పొగ ఉంది, వంటింట్లో చూడలేదా? సరే, ఒక్క వంటిల్లు చూపించి లోకమంతా ఇంతే అంటే ఎలా ఒప్పుకోవడం?

ఆ ముడి విప్పినవాడు బౌద్ధ పండితుడు దిఙ్నాగుడు, 5-6 శతాబ్దాలవాడు. మన ఆంధ్రదేశంలో ఒక కొండ మీద ఉండి ఆయన తర్కగ్రంథం రాశాడని 7వ శతాబ్దంలో ఇటు వచ్చిన చైనా యాత్రికుడు యువాన్ చ్వాంగ్ రాసుకున్నాడు. దిఙ్నాగుడు వంటింటితో ఆగలేదు, చెరువు దగ్గరికీ వెళ్ళమన్నాడు. నిప్పు లేనిచోట పొగ ఎక్కడైనా దొరుకుతుందేమో వెతకమన్నాడు. హేతువు ఎక్కడ ఉంటుంది, ఎక్కడ ఉండదు అన్న లెక్కతో 9 గళ్ళ హేతుచక్రం గీశాడు. అందులో నెగ్గేవి రెండే. మిగతా 7 చెల్లవు. నా దృష్టిలో అసలు ఆవిష్కరణ ఇదే: తన మాటకు ఎదురు సాక్ష్యం వెతికే పని వాదించేవాడి మీదే పెట్టడం.

17వ శతాబ్దంలో తెలుగువాడైన అన్నంభట్టు ఈ విద్యను పిల్లల కోసం తర్కసంగ్రహంగా కుదించాడు. మరీ కుదించాడో ఏమో, దీపిక అనే వ్యాఖ్యానమూ తనే రాశాడు. నిప్పుంది కాబట్టి పొగ ఉంటుందని సామెతను తిరగేసేవాళ్ళకు తర్కసంగ్రహంలోనే జవాబు దొరుకుతుంది: ఎర్రగా కాలిన ఇనుపగుండు. నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే తడికట్టె కూడా ఉండాలి. ఉక్కు ఊరివాళ్ళకు ఈ ఉదాహరణ విడమరచి చెప్పక్కర్లేదు.

ఇదే పరీక్ష మన ఇళ్ళలో వినే మాటకూ పెట్టొచ్చు. ఫలానా ట్యూషన్‌కి వెళ్తే ర్యాంకు ఖాయమని ఎవరైనా అన్నారనుకోండి. ట్యూషన్ లేకుండా ర్యాంకు తెచ్చుకున్న పిల్లను చూపిస్తే ఆ మాట ఓడదు; ట్యూషన్ పొగ, ర్యాంకు నిప్పు అనుకుంటే ఆ పిల్ల ఇనుపగుండు లాంటిదే. వెళ్ళీ ర్యాంకు రాని పిల్లల పేర్లు అడగాలి.