ప్రావీ మనిషి రాని వారం

బ్రాడ్‌ఫర్డ్‌లో ఉన్ని మిల్లులు జోరుగా నడుస్తున్న కాలం. 1880లో జాషువా వాడిలవ్ అనే బీమా ఏజెంటు, తాను వెళ్లే ఇళ్లలో ఒకటే అవస్థ చూశాడు. ఇంటిల్లిపాదీ కష్టపడతారు, వారం జీతం వస్తుంది, కానీ పిల్లలకి బట్టలు కొనేంత డబ్బు ఏ వారమూ చేతిలో మిగలదు. వాడిలవ్ వాళ్లకి నగదు ఇవ్వలేదు. ఊళ్లో దుకాణాల్లో చెల్లే చీటీలిచ్చాడు. సరుకు ముందు ఇంటికొచ్చేది, బాకీ వారం వారం కొంచెం కొంచెంగా తీరేది. ప్రావిడెంట్ అలా పుట్టింది. జనం దాన్ని ప్రావీ అని పిలుచుకున్నారు.

141 ఏళ్ల తర్వాత, 2021లో, ఇంటింటికీ తిరిగి అప్పులిచ్చి వసూలు చేసే ఆ గడప వ్యాపారం ఆగిపోయింది. దాని వడ్డీ సంగతి తెలిసినవాళ్లు పీడా పోయిందని అనొచ్చు. ఏడాది లెక్కన చూస్తే ఆ వడ్డీ వందల శాతాల్లో ఉండేది, దాన్ని వెనకేసుకు రాలేను. నా దుఃఖం ఆ వడ్డీ కోసం కాదు. దానితో పాటే వెళ్లిపోయిన మనుషుల కోసం, వాళ్లకి మాత్రమే తెలిసిన సంగతుల కోసం.

ప్రావీ ఏజెంట్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. అదే పేటవాళ్లు. వారంలో ఒక రోజు, ఒక వేళ, ఇంట్లో డబ్బు ఉండే సాయంత్రం చూసుకుని తలుపు తట్టేవారు. డబ్బు లెక్కపెట్టుకుని, చిన్న వాయిదా పుస్తకంలో అంకె వేసి, సంతకం పెట్టి ఇచ్చేవారు. ఆ కాసేపట్లోనే ఇంటి పరిస్థితి కళ్లకి కట్టేది. ఇంటాయనకి షిఫ్టులు తగ్గాయా, పిల్లకి జ్వరమా, సెప్టెంబరులో స్కూలు యూనిఫారాలకి ఎంత అవుతుంది, క్రిస్మస్‌కి ఎంత అడుగుతారు అన్నీ తెలిసేవి. కట్టలేని వారం వస్తే ఎంతో కొంత తీసుకుని పై వారానికి సర్దేవారు. వాయిదా తప్పినందుకు జరిమానా ఉండేది కాదు. ఏజెంటుకి కమీషను ఇచ్చిన అప్పు మీద కాదు, వసూలైన డబ్బు మీద. అందుకే కట్టలేనివాళ్లకి అప్పు అంటగడితే ముందు మునిగేది ఆమే. ఇంత మాత్రాన అంతా ధర్మంగా నడిచిందనుకోవద్దు. పాత బాకీ తీరీ తీరకముందే కొత్త అప్పు చేతిలో పెట్టిన ఇళ్లు లెక్కలేనన్ని. ఆ పాపం తర్వాత వెంటాడింది.

ఇదే సంస్థ 2003లో వాంక్విస్ బ్యాంకుతో క్రెడిట్ కార్డుల్లోకి దిగింది. పెద్ద బ్యాంకులు కాదన్నవాళ్లే దాని కస్టమర్లు. రెండు మూడు వందల పౌండ్ల లిమిట్, 39.9 శాతం వడ్డీ. బ్రిటన్‌లో వీటినే క్రెడిట్ బిల్డర్ కార్డులంటారు. ప్రతి నెలా సక్రమంగా కడితే ఆ మాట, జనం అప్పుల చరిత్ర దాచే ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్ సంస్థల ఫైళ్లలోకి ఎక్కుతుంది. అలా నాలుగేళ్లో ఐదేళ్లో పోగైతే, ఒకనాడు ఇంటి లోను ఇచ్చే బ్యాంకు తలుపు తీస్తుందని ఆశ. తల్లి వాయిదా పుస్తకంలో సంతకాలు పోగేసుకుంటే, కూతురు ఫైల్లో నెలలు పోగేసుకుంది. వ్యాపారం బాగా సాగింది. 2015 డిసెంబరులో ప్రావిడెంట్ ఎఫ్‌టీఎస్‌ఈ 100లో చేరింది. గడప గడపకీ తిరిగి చిల్లర వసూలు చేసిన సంస్థ లండన్ మార్కెట్‌లో తొలి వంద కంపెనీల సరసన నిలబడింది.

కూలడానికి అక్కడి నుంచి రెండేళ్లు కూడా పట్టలేదు.

సొంతంగా పనిచేసుకునే 4,500 మంది ఏజెంట్లని తీసేసి, వాళ్ల స్థానంలో 2,500 మంది పూర్తికాలపు ఉద్యోగుల్ని పెట్టాలని 2017 జనవరిలో యాజమాన్యం ప్రకటించింది. ఎవరు ఏ ఇంటికి ఎప్పుడు వెళ్లాలో సాఫ్ట్‌వేర్ చెబుతుంది. కాగితం మీద చూస్తే ఖర్చు తగ్గుతుంది, అజమాయిషీ పెరుగుతుంది. కానీ ఉద్యోగం పోతుందని ఆర్నెల్ల ముందే తెలిసిన ఏజెంటుకి వసూళ్ల మీద మనసెలా నిలుస్తుంది? మార్పు జరగకముందే చాలామంది వెళ్లిపోయారు. జులైలో కొత్త పద్ధతి మొదలైంది. సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించిన వివరాలే తప్పుల తడకగా తేలాయి. వేళ కాని వేళ కొత్త ముఖం తలుపు తడితే ఎవరు తీస్తారు? అసలు ఎవరూ రాని వారాలూ ఉన్నాయి. శుక్రవారం సాయంత్రానికని పక్కన పెట్టిన డబ్బు సోమవారానికి ఖర్చైపోయేది. కట్టకూడదని ఎగ్గొట్టింది కాదు, అడిగేవాళ్లు లేక ఆగిపోయింది.

2016లో 90 శాతం ఉన్న వసూళ్లు 57 శాతానికి పడిపోయాయని 2017 ఆగస్టు 22న కంపెనీయే ఒప్పుకుంది. అదే రోజు సీఈవో పీటర్ క్రుక్ తప్పుకున్నారు, డివిడెండు రద్దయింది. వాంక్విస్ మీద నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ దర్యాప్తు జరుగుతోందని కూడా అప్పుడే బయటపడింది. ఒక్క రోజులో షేరు 66 శాతం పడింది. నెల తిరిగేసరికి ఎఫ్‌టీఎస్‌ఈ 100లో చోటు పోయింది. సంస్థని ఒడ్డున పడేసే భారం నెత్తికెత్తుకున్న చైర్మన్ మంజిత్ వుల్‌స్టెన్‌హోమ్ ఆ నవంబరులో హఠాత్తుగా కన్నుమూశారు. ఆమెకి 53 ఏళ్లు.

కార్డు కథలోనూ మచ్చ ఉంది. ఉద్యోగం పోతేనో జబ్బు చేస్తేనో ఖాతాని కొన్నాళ్లు ఆపుకోవచ్చంటూ వాంక్విస్ రీపేమెంట్ ఆప్షన్ ప్లాన్ అమ్మింది. దాని రుసుము నెలనెలా కార్డు బాకీలో కలిసేది. బాకీ పూర్తిగా కట్టకపోతే ఆ రుసుము మీద వడ్డీ కూడా పడుతుందని కస్టమర్లకి సరిగా చెప్పలేదు. 2018 ఫిబ్రవరిలో ఎఫ్‌సీఏ దాదాపు 20 లక్షల పౌండ్ల జరిమానా వేసింది, కస్టమర్లకి దాదాపు 16.9 కోట్ల పౌండ్లు తిరిగి ఇప్పించే ఏర్పాటు జరిగింది. నాకు ఇందులో కలుక్కుమనేది డబ్బు లెక్క కాదు. 250 పౌండ్ల లిమిట్ ఉన్న కార్డు మీద 200 బాకీ కనిపిస్తే ఫైల్లో అది 80 శాతం వాడకం. మనిషి పీకల దాకా మునిగాడని చదివేవాళ్లు అర్థం చేసుకుంటారు. ఆపదలో కాపాడుతుందని కొన్న ప్లానే బాకీని పెంచి, కట్టుకోదలచిన పేరుని కొంచెం కొంచెంగా కొరికింది.

2021 మార్చిలో, గతంలో తాహతు చూడకుండా ఇచ్చిన అప్పుల మీద ఫిర్యాదులు వెల్లువెత్తి, ప్రావిడెంట్ పరిహారానికి 5 కోట్ల పౌండ్లు పక్కన పెట్టి, ఆ ఏర్పాటుకి ఆమోదం కోరుతూ కోర్టుకెళ్లింది. మే నెలలో గడప వ్యాపారం మూసేస్తున్నామంది. పరిహారం పౌండుకి కొన్ని పెన్నీలే దక్కింది. 2023లో మాతృసంస్థ పేరే వాంక్విస్ బ్యాంకింగ్ గ్రూప్‌గా మారింది. ప్రావిడెంట్ పేరు చెరిగిపోయింది, కార్డు మిగిలింది.

ఇప్పుడు ఇలాంటి కార్డు పట్టుకుని మార్ట్‌గేజ్‌కి బయల్దేరేవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మంచి సిబిల్ స్కోరుతో విమానం ఎక్కిన నర్సుకి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి బ్రిటన్‌లో దిగిన రోజు ఫైలు ఖాళీ. ఆ స్కోరు వెంట రాదు. చిన్న లిమిట్ కార్డుతో మొదలుపెట్టాల్సిందే. సక్రమంగా వాడితే నిజంగానే మేలు చేస్తుంది. స్టేట్‌మెంట్ రాకముందే చాలా భాగం కట్టేస్తే ఫైల్లో చిన్న బాకీ కనిపిస్తుంది. మిగిలింది గడువులోగా పూర్తిగా తీరిస్తే వడ్డీ పడదు. ఆ కార్డుతో ఏటీఎంలో నగదు తీస్తే అది కూడా ఫైలుకెక్కుతుంది, ఇంటి లోను ఇచ్చేవాళ్లకి అది అస్సలు నచ్చదు. లోను అడగబోయే నెలల్లో కొత్త కార్డులకి దరఖాస్తు పెడితే వాళ్లు ఫైలు తెరిచి చూసిన జాడ అందులో కనీసం ఏడాది ఉంటుంది. డిఫాల్ట్ పడిందా, ఆరేళ్లు.

ఆరేళ్లు! ఫైలు ఒక్కో నెలకీ ఒక గడి కేటాయించి, కట్టాడా లేదా అన్నదే రాస్తుంది. ఆ నెల ఆస్పత్రిలో ఉన్నాడా, కంపెనీ మూతపడిందా, తల్లి పోతే ఊరికి పరుగెత్తాడా అన్నదానికి అక్కడ గడి లేదు. ప్రావీ మనిషికి ఇదంతా తెలుసు. తెలుసు కాబట్టే ఒక వారం సర్దేది. ఆమె జ్ఞాపకాన్ని కొని దాచుకునే తెలివి కంపెనీకి లేకపోయింది, ఆమె స్థానంలోకి వచ్చిన ఏ యంత్రమూ దాన్ని అడగనే లేదు.

బ్రిటన్ చట్టంలో ఒక చిన్న వెసులుబాటు మాత్రం మిగిలి ఉంది. 1974 నాటి కన్స్యూమర్ క్రెడిట్ యాక్ట్ కింద, తన ఫైల్లో ఉన్నది పూర్తి నిజం కాదనిపిస్తే 200 మాటలకి మించకుండా వివరణ రాసి జతచేయించుకోవచ్చు. అది ఉన్న దరఖాస్తుని సాధారణంగా యంత్రానికి వదిలేయరు, ఒక మనిషి కూర్చుని చదవాలి. దానివల్ల లోను నిర్ణయం కొన్నాళ్లు ఆలస్యం కావచ్చు, అయినా తగిన కారణం ఉంటే రాసుకోవడమే మేలని నా అభిప్రాయం. మొదటి వాక్యంలో ఏ నెల తప్పిందో, రెండోదానిలో ఎందుకు తప్పిందో, మూడోదానిలో ఎప్పుడు తీర్చారో రాయాలి.