తొలియేటి లెక్క

ఒక యింట బిడ్డకు ఉబ్బసము కనబడినచో "వాని తాతకును ఉండెడిది" అందుము. నలువదియేండ్లు నిండకమునుపే మధుమేహము వచ్చినచో "అది వారి వంశముననే యున్నది" అందుము. ఆ మాటతో విచారణ ముగిసిపోవును. వంశమును మార్చుకొనుట యెవరితరము? వంశమునకు కొంత పాలున్నమాట నిజమే. కాని దాని చాటున మఱియొక కారణము చిరకాలము దాగియుండెను. తల్లికడుపున నున్నపుడును, పుట్టిన తొలి రెండు మూడేండ్లలోను శిశువునకు లభించిన గాలియు, ఆహారమును ఆ బిడ్డ ఊపిరిని, రక్తములోని చక్కెరను ముదిమివఱకు వెన్నంటియుండునని లోకము గ్రహించి యెంతో కాలము కాలేదు. అది యెట్లు తెలిసెనో చెప్పి, దానివలన మన యిండ్లలో చేయవలసినదేమో విన్నవించుట మా యుద్దేశము.

ఇంగ్లండులో లండనునకు ఉత్తరమున హెర్ట్‌ఫర్డ్‌షైర్ అను ప్రాంతము గలదు. ఇరువదవ శతాబ్దారంభమున ఆ దేశమందు శిశుమరణములు మిక్కుటముగా నుండెను. బోయరు యుద్ధమునకు సైనికులను ఎన్నుకొనబోగా దుర్బలులే పెక్కుమంది కనబడుటచే పాలకులకు దిగులు పట్టుకొనెను. అట్టి తరుణమున అచ్చటి మంత్రసానుల పనిని పర్యవేక్షించుచుండిన ఎథెల్ మార్గరెట్ బర్న్‌సైడ్ అను నామె నర్సులను ఇంటింటికి పంపు నేర్పాటు చేసెను. 1911 మొదలు పుట్టిన ప్రతి శిశువును వారు తూచిరి. ఏడు నిండినపుడు మరల తూచిరి. తల్లిపాలు త్రాగెనా, సీసాపాలు త్రాగెనా, దగ్గుజబ్బులేమైన వచ్చెనా, పండ్లెన్ని మొలిచెను అని పుస్తకములలో వ్రాసిరి. వారికి కావలసినది ఆ యేటి బిడ్డ బ్రదుకుటయే. తమ వ్రాత డెబ్బదియేండ్లకు పిమ్మట వైద్యశాస్త్రమునకు త్రోవచూపునని వారెరుగరు.

గుండెజబ్బు భోగభాగ్యముల వలన వచ్చునని పలువురు తలంచుచుండిన కాలమది. సౌతాంప్టన్‌లోని డేవిడ్ బార్కర్ అను వైద్యుడును, క్లైవ్ ఆస్మండ్ అను గణాంకవేత్తయు 1986లో ఒక చిత్రమైన సంగతిని వెల్లడించిరి. ఇంగ్లండు, వేల్సులలో పూర్వము ఏ ప్రాంతములందు పసిబిడ్డలు హెచ్చుగా చనిపోయిరో, తరువాతి కాలమున ఆ ప్రాంతములందే పెద్దలు గుండెజబ్బుతో హెచ్చుగా చనిపోవుచుండిరి. శైశవమున ప్రాణాపాయము తప్పించుకొన్నవారిలో ఏదో లోపము మిగిలిపోయెనా యను సంశయము బార్కరునకు కలిగెను. పాత లెక్కలకై వెదకగా హెర్ట్‌ఫర్డ్‌షైర్ పుస్తకములు దొరకెను. 1911-1930 నడుమ పుట్టిన 5,654 మంది పురుషుల చరిత్రను విచారింపగా, ఏడు నిండునాటికి తూకము తక్కువగా నుండినవారే గుండెజబ్బుతో హెచ్చుగా మరణించినట్లు 1989లో తేలెను. 1991లో మఱి రెండు ఫలితములు వెలువడెను. శైశవమున బరువు తక్కువైనవారిలో మధుమేహలక్షణములు అధికముగా నుండెను. తొలియేట న్యుమోనియాయో శ్వాసనాళముల వాపో సోకినవారు, ముదిమిలో ఒక్క సెకనులో ఊదగలిగిన గాలి తక్కినవారికంటె సగటున 0.17 లీటరు తక్కువ. ఒకే పుస్తకములో ఊపిరి కథయు, చక్కెర కథయు ప్రక్కప్రక్కనే యుండెనన్నమాట.

ఇందుకొక ఆక్షేపణ వచ్చెను. బీదయింట పుట్టినవాడు తరచు బీదవాడుగనే పెరుగును. తరువాతి బీదతనమే జబ్బునకు కారణము కారాదా? ఈ ప్రశ్నకు హాలెండు దేశపు దుఃఖము సమాధానము చెప్పినది. 1944 సెప్టెంబరులో అచ్చటి రైల్వే పనివారు జర్మనులకు ఎదురుగా సమ్మె చేయగా, జర్మనులు పడమటి జిల్లాలకు ఆహారమును రానీయరైరి. ఆ చలికాలమున పట్టణవాసులకు దినమునకు వేయి కెలొరీలైన దొరకక, కొన్ని వారములు అందులో సగమే దక్కెను. ఇరువదివేలకు పైగా జనులు చనిపోయిరి. 1945 మే నెలలో విముక్తి కలుగగనే మరల అన్నము దొరకెను. ఈ కఱవు ధనికుని, దరిద్రుని గూడ తాకినది. ఒకనాడు వచ్చి, ఒకనాడు పోయినది. కనుక ఏ బిడ్డ గర్భమున ఏ నెలలో నుండగా తల్లి పస్తున్నదో లెక్కకట్ట వీలైనది. సైన్యపు పరీక్షకు వచ్చిన మూడులక్షలమంది పందొమ్మిదేండ్ల యువకుల వివరములను 1976లో ప్రకటించిరి. గర్భారంభమున కఱవు పాలైనవారిలో స్థూలకాయులు హెచ్చు. కడపటి నెలలలో దాని పాలైనవారిలో తక్కువ. ఏబదియేండ్ల ప్రాయమున పరీక్షింపగా, గర్భపు నడిమి, కడపటి నెలలలో కఱవు సోకినవారి శరీరము చక్కెరను సరిగా భరింపజాలకుండెనని 1998లో తెలిసెను. గర్భస్థశిశువు లేమికి అలవడి పొదుపుగా దేహమును కట్టుకొనును. పిదప సమృద్ధి వచ్చినపుడు ఆ పొదుపే చేటగును. బార్కరు, నికొలాస్ హేల్స్ అనువారలు 1992లో చెప్పిన సిద్ధాంతమిది.

గాలిమాట వేఱొక చోట తెలిసినది. లండను బొగ్గుపొగ క్రొత్తది గాదు; 1661లోనే జాన్ ఈవ్లిన్ అను పండితుడు ఆ పొగను గూర్చి చార్లెసు రాజునకు గ్రంథమే సమర్పించెను. రాజు విని యూరకుండెను. దాదాపు మూడువందల యేండ్లకు, 1952 డిసెంబరు 5 మొదలు 9 వఱకు, మంచును పొగయు కలిసి నగరమును కప్పివేసెను. నాలుగువేలమంది మరణించిరని నాటి లెక్క. పండ్రెండువేలుండునని తరువాతి పరిశోధకుల యంచనా. 1956లో పరిశుద్ధవాయు శాసనము పుట్టెను. చనిపోయినవారిని లోకము లెక్కించెను గాని, బ్రదికిన పసిబిడ్డల మాట అరువదియేండ్ల వఱకు ఎవరును అడుగరైరి. 2016లో వెలువడిన పరిశోధన ఆ మాట తెలిపినది: తొలియేటనే ఆ పొగను పీల్చినవారికి బాల్యమున ఉబ్బసము వచ్చుట నూటికి ఇరువది పాళ్ల మేరకు అధికముగా కనబడెను. అయిదు దినముల పొగ అది!

కారణము దుర్గ్రాహ్యము కాదు. ఊపిరితిత్తులలోని గాలితిత్తులలో అధికభాగము పుట్టిన పిదపనే యేర్పడును. పైగా బరువును బట్టి చూచినచో పెద్దలకంటె శిశువు హెచ్చు గాలి పీల్చును. కట్టుచున్న గోడకు తగిలిన దెబ్బకును, కట్టి యారిన గోడకు తగిలిన దెబ్బకును భేదము లేదా? దక్షిణ కాలిఫోర్నియాలో పండ్రెండు ఊళ్ల పిల్లలను పదవయేట నుండి పదునెనిమిదవ యేటి వఱకు పరీక్షించి 2004లో ప్రకటించిన ఫలితమిట్టిది: ఊపిరిబలము మిక్కిలి తగ్గిన పిల్లలు, ధూళి తక్కువగా నున్న ఊరిలో నూటికి 1.6, ఎక్కువగా నున్న ఊరిలో 7.9. శుభవార్తయు ఉన్నది. అచ్చట గాలి బాగుపడిన పిదప పెరిగిన పిల్లల ఊపిరిబలమును బాగుగా వృద్ధిపొందెనని 2015లో తెలిసినది.

ఇవన్నియు పరదేశపు కథలని పాఠకులు తలంపవలదు. పూనా చుట్టుపట్ల పల్లెలలో డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్ పుట్టిన బిడ్డలను కొలిచి, వారు ఇంగ్లండు శిశువులకంటె సుమారు 800 గ్రాములు తక్కువ తూగినను, చర్మము క్రింది క్రొవ్వు మాత్రము అంతగా తగ్గలేదని 2003లో చూపెను. చూపునకు బక్కతనము, లోపల మధుమేహమునకు పొంచియున్న క్రొవ్వు! మన హైదరాబాదు దాపుననే 1987-1990 నడుమ జాతీయ పోషకాహారసంస్థ వారు పదునైదు పల్లెలలో గర్భిణులకును, ఆరేండ్లలోపు పిల్లలకును మొక్కజొన్న, సోయా పిండితో వండిన ఉప్మాను దినదినము అందునట్లు చేసిరి. పదునాలుగు పల్లెలలో అప్పటికి ఆ యేర్పాటు లేకుండెను. ఆ పిల్లలు యౌవనమున ప్రవేశించినపుడు పరీక్షింపగా, ఉప్మా దొరకిన పల్లెలవారు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు పెరిగిరి. ఇన్సులిను వారి దేహమున మెరుగుగా పనిచేయుచుండెను. రక్తనాళములును మృదువుగా నుండెను. ఒక గరిటెడు ఉప్మా పదునైదేండ్లకు పిమ్మట నెత్తుటిలో కనబడినది.

ఇక మన యిండ్లసంగతి. కడుపుతో నున్నపుడు తక్కువ తినినచో కాన్పు సులువగునని చెప్పు పెద్దలు నేటికిని కలరు. కోడలు అందఱు తినిన పిదప మిగిలినది తినుట మర్యాద యనిపించుకొనుచున్నది. బాలింతగదికి గాలి సోకరాదని తలుపులు బిగించి, లోపల కుంపటి పెట్టుటయు, నీళ్లు పోసిన బిడ్డకు సాంబ్రాణిపొగ దట్టముగా పట్టుటయు చూచియున్నాము. ప్రేమతో చేయు పనులే యివి. ప్రేమ యున్నందున పొగ పొగ కాకపోదు గదా! కట్టెపొయ్యి చెంత చంకబిడ్డతో వంటచేయు తల్లిని తప్పుపట్టుటకు మాకు నోరాడదు; పొయ్యిని ఆమె యెన్నుకొనలేదు. 1999లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దీపము పథకము క్రింద బీదస్త్రీలకు గ్యాసు ఇచ్చుట మొదలుపెట్టెను. కాని సిలిండరు మరల కొనుటకు డబ్బు లేనియింట కట్టెలే గతియగుచున్నవి.

తక్కువ బరువుతో పుట్టిన ప్రతి బిడ్డయు రోగి కావలెనని విధి లేదు. పైన చెప్పినవన్నియు వేలమందిని లెక్కించిన సగటులే; ఏ యొక్కరి నుదుటి వ్రాతయు కావు. బిడ్డకు రోగము వచ్చినచో తల్లిని నిందించుటకు వీనిని సాధనములుగా వాడువారు ఈ చరిత్రను తలక్రిందులుగా చదివినవారగుదురు. హాలెండు తల్లులు కఱవును తెచ్చుకొనలేదు. లండను తల్లులు పొగను పోగుచేయలేదు. గర్భిణి కంచములో ముందుగా వడ్డించుట ఇంటివారి పని. వంటింటికి కిటికీ పెట్టించుట, పసిబిడ్డ యున్నచోట చుట్ట ముట్టింపకుండుట ఇంటి మగవారి పని. ఊరి గాలిని, అంగన్‌వాడీ అన్నమును కాపాడుట పౌరులందఱు ప్రభుత్వమును అడిగి చేయించుకొనవలసిన పని. బర్న్‌సైడ్ పంపిన నర్సులు తాము తూచుచున్నది ఏమో తెలియకయే తూచిరి. మనము తెలిసియు ఊరకుండుట తగదు.