గోపాల్‌పూర్ దీపస్తంభం నుంచి పైలట్ ఒళ్లో పలక దాకా

మా మేనల్లుడు అమెరికాలో పుట్టి పెరిగాడు. అక్కడే సెస్నా 172 మీద విమానం నడపడం నేర్చుకుంటున్నాడు. ఒక మే నెలలో సెలవులకి బరంపురం వచ్చినప్పుడు తన ఐప్యాడ్ కూడా వెంట తెచ్చుకున్నాడు. అందరం కలిసి గోపాల్‌పూర్ వెళ్తుంటే దాన్ని కారు ముందు అద్దం దగ్గర నిలబెట్టి, "చూడు మామయ్యా, విమానంలో మ్యాపు ఇలాగే కనిపిస్తుంది. మనం ఎక్కడున్నామో ఆ చిన్న బొమ్మే చెప్పేస్తుంది" అని చూపించడం మొదలెట్టాడు. రంగెయిలుండ విమానాల మైదానం దగ్గరికి వచ్చేసరికి తెర నల్లబడిపోయింది. వేడెక్కింది, చల్లారాక వాడండి అని ఒక్క ముక్క మాత్రం మిగిలింది.

వెనక సీట్లోంచి మా అమ్మ నవ్వింది. "మన ఎండకి నీ పలక కూడా సొమ్మసిల్లిందిరా."

"పైన ఉన్నప్పుడు ఇలా అయితే ఏం చేస్తావు?" అని అడిగాం.

"ఫోన్ ఉంటుంది కదా."

"అదీ ఆ ఎండలోనే ఉంటుంది కదా?"

వాడు మాట్లాడలేదు. ఈ శీతాకాలం కొత్త పరికరం కొనుక్కోవాలి, ఏది కొనాలో చెప్పండి అని తర్వాత వాడే అడిగాడు. మాలో ఎవరికీ విమానం నడపడం రాదు. కానీ దారి వెతుక్కోవడం అనేది మన గంజాం ఒడ్డున చాలా పాత విద్య. అది చెప్పి, ఆ తర్వాత కొనుగోలు సంగతి చూద్దాం అనుకున్నాం. మీ ఇళ్లలో కూడా ఇలాంటి పిల్లలు ఉండే ఉంటారు, అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాం.

ముందు సముద్రం. గోపాల్‌పూర్ ఒడ్డున ఉన్న జాలరి వాడల్లో ఇప్పటికీ ఇంట్లో తెలుగే. ఒడియా వాళ్లు వీళ్లని నొలియాలంటారు. తెప్పల మీద వెళ్లే కాలంలో వీళ్ల దగ్గర కాగితం మీద గీసిన పటం ఏదీ లేదు. చేపలుండే చోటు మళ్లీ దొరకాలంటే ఒడ్డు వైపు తిరిగి రెండు గుర్తులు కలిపి చూసేవాళ్లు. దగ్గరగా ఉన్న దీపస్తంభమో గుడి శిఖరమో, దాని వెనకాల దూరంగా ఒక కొండ, ఆ రెండూ ఒకే వరసలోకి వస్తే ఒక గీత దొరికినట్టు. ఇంకో వైపు తిరిగి మరో జత గుర్తులు చూస్తే రెండో గీత. రెండు గీతలు ఎక్కడ కలిస్తే అక్కడ తెప్ప ఉన్నట్టు. దానికి తోడు తాడుకి బరువు కట్టి లోతు చూడటం, అడుగున ఇసకా బురదా అని తెలుసుకోవడం. రాత్రయితే ధ్రువ నక్షత్రం, పిల్లలకోడి.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. కొండ కనపడకపోతే లోతు చెబుతుంది. మబ్బేసి నక్షత్రం పోతే అల వచ్చే దిక్కు చెబుతుంది. ఒక ఆధారం పోయినంత మాత్రాన రెండోది పోదు.

తర్వాత కాగితం వచ్చింది. గోపాల్‌పూర్ రేవు నుంచి రంగూన్‌కి స్టీమర్లు నడిచిన రోజుల్లో మా తాతగారు అక్కడ సరుకుల లెక్కలు రాసే గుమాస్తా. ఆయన పెట్టెలో గుడ్డకి అంటించిన సర్వే ఆఫ్ ఇండియా షీటు ఒకటి ఉండేది, అంగుళానికి మైలు లెక్కన గీసింది. దాని మీద మద్రాసు ప్రెసిడెన్సీ, గంజాం జిల్లా అని అచ్చయి ఉంటుంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రం అయినప్పుడు బరంపురం అటు వెళ్లింది, ఇచ్ఛాపురం, టెక్కలి వైపు మద్రాసులోనే ఉండిపోయాయి. మన చుట్టాల ఊళ్ల మధ్య గీత పడింది. తాతగారు ఆ షీటు మీద పెన్సిలుతో ఆ కొత్త గీత తనే గీసుకున్నారు. కొండలు, ఏళ్లు ఎక్కడివి అక్కడే ఉన్నాయి గానీ, గీత వేయని షీటు ఆ రోజు నుంచి పాతబడిపోయింది. పటం ఎంత బాగున్నా ఏ నాటిదో చూసుకోవాలి అనే పాఠం మా ఇంట్లో అలా మొదలైంది.

స్వాతంత్ర్యం వచ్చాక ఇంకో చిక్కు. తీరం నుంచి దాదాపు 80 కిలోమీటర్ల లోపలి భూభాగం సర్వే షీట్లు రక్షణ కారణాలతో మామూలు జనానికి ఇచ్చేవాళ్లు కాదు. అంటే సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న బరంపురం వాడికి తన ఊరి వివరమైన పటం కొనుక్కునే వీలు లేదు. 2005 నాటి జాతీయ పటాల విధానం రక్షణకి వేరే, జనానికి వేరే షీట్లు అని విడదీసింది. 2021 ఫిబ్రవరిలో వచ్చిన మార్గదర్శకాలతో మన దేశీయ సంస్థలకి తలుపులు ఇంకా తెరుచుకున్నాయి. ఫోన్లో ఊరంతా కనిపించే ఈ రోజుల్లో పిల్లలకి ఇది నమ్మబుద్ధి కాదు.

ఇక ఆకాశం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. విశాఖలో ఉన్న మా చుట్టాలు రెండు కుటుంబాలు మూటా ముల్లే సర్దుకుని బరంపురం వచ్చి మా వీధి అరుగు మీద దిగాయని మా నాయనమ్మ చెప్పేది. ఆ విమానాలు సముద్రం మీద ఉన్న ఓడ మీంచి లేచి వచ్చినవి. పని అయ్యాక నడిసముద్రంలో కదులుతూ ఉన్న ఆ ఓడని మళ్లీ వెతుక్కుని వెళ్లాలి. ఆ కాలం పైలట్ల చేతిలో ఉండే ముఖ్యమైన సామాను పటం, దిక్సూచి, గడియారం.

మన వైపు పైలట్ అంటే అందరికీ గుర్తొచ్చేది బిజూ పట్నాయక్ గారు. వాళ్ల పూర్వీకులది గంజాంలోని బెల్లగుంఠ. 1947 జూలైలో ఆయన, భార్య జ్ఞాన్ దేవి గారు డకోటా విమానంలో జావా వెళ్లి, డచ్చి వాళ్ల దిగ్బంధంలోంచి ఇండోనేషియా నాయకుడు సుతన్ షహ్రీర్‌ని తీసుకొచ్చారు. డకోటాల కాలంలో రేడియో సాయం కొంత ఉండేది, కానీ వేగాన్ని కాలంతో గుణించి, గాలి ఎంత పక్కకి తోస్తోందో లెక్క కట్టి, కాగితం మీద పెన్సిలుతో గీత గీసుకోవడమే అసలు పద్ధతి.

ఆ లెక్క ఎంత సున్నితమో మా మేనల్లుడికి మన నేల మీదే చూపించాం. విశాఖపట్నం నుంచి బరంపురానికి తిన్నగా గీత గీస్తే సుమారు 245 కిలోమీటర్లు. పైలట్ల పాత లెక్క ఒకటుంది: అరవై కిలోమీటర్లకి ఒక డిగ్రీ తప్పితే ఒక కిలోమీటరు పక్కకి పోతారు. అంటే విశాఖలో ఒక్క డిగ్రీ తప్పుగా బయల్దేరితే బరంపురం దగ్గరికి నాలుగు కిలోమీటర్లు పక్కన ఉంటారు. కుడికి తప్పితే సముద్రం కనిపిస్తుంది, సర్దుకోవచ్చు. ఎడమకి తప్పితే 1501 మీటర్ల మహేంద్రగిరి. ఆ తిన్నని గీత అసలే మహేంద్రగిరికి పది కిలోమీటర్ల లోపు నుంచే పోతుంది. వానాకాలంలో ఆ కొండ రోజుల తరబడి మబ్బులోనే ఉంటుంది. రెండు మూడు డిగ్రీల తప్పు చాలు. వాడు అంతసేపు ఫోన్ చూడకుండా వినడం అదే మొదటిసారి.

జీపీఎస్ వచ్చాక ఈ భయం చాలా తగ్గింది. మొదట్లో అమెరికా సైన్యం సామాన్యులకి అందే సంకేతాన్ని కావాలనే కొంచెం చెడగొట్టి ఇచ్చేది, తప్పు వంద మీటర్ల దాకా ఉండేది. 2000 మే మొదట్లో దాన్ని ఆపేశారు. అక్కడి నుంచి గార్మిన్ లాంటి చేతి పరికరాలు చిన్న విమానాల్లోకి, మన ఒడ్డున పడవల్లోకి కూడా వచ్చాయి. 2010లో ఐప్యాడ్ వచ్చింది, ఫోర్‌ఫ్లైట్ లాంటి యాప్‌లతో కాగితాల సంచీ మొత్తం ఒక పలకలోకి దిగింది. మన దేశం గగన్ అనే సొంత వ్యవస్థతో ఉపగ్రహ సంకేతంలోని తప్పుల్ని దిద్ది విమానాలకి పంపుతోంది. 2022 అక్టోబరులో భువనేశ్వర్, జయపురం మధ్య తిరగడం మొదలెట్టిన తొమ్మిది సీట్ల సెస్నా కారవాన్‌లో అయితే మ్యాపు విమానం ముందు పలకలోనే బిగించి వస్తుంది. పైలట్ ఒళ్లో ఉండే పలక దానికి తోడు మాత్రమే.

ఇక కొనుగోలు సంగతి. వాడితో కూర్చుని, తెలిసినవాళ్లని అడిగి, మేము తేల్చుకున్నవి ఇవి.

మొదటిది ఎండ. ఐప్యాడ్‌ని 35 డిగ్రీల లోపు వేడిలో వాడమని చేసినవాళ్లే చెబుతారు. బరంపురంలో ఏప్రిల్ వస్తే నీడలోనే అంత ఉంటుంది, అద్దాల గది లాంటి చిన్న విమానంలో చెప్పక్కర్లేదు. విమానాల కోసమే చేసిన చేతి పరికరం తెర చిన్నది, ధర ఎక్కువ, కానీ ఎండకి తట్టుకునేలా చేస్తారు. పలకే కావాలనుకుంటే నేరు ఎండ తగలని చోట, వెనక గాలి ఆడేలా బిగించుకోవాలి. మందపాటి తొడుగు వేస్తే వేడి లోపలే ఉండిపోతుంది.

రెండోది, వైఫై మాత్రమే ఉన్న ఐప్యాడ్‌లో జీపీఎస్ ఉండదు. సిమ్ వేసే రకంలో ఉంటుంది, సిమ్ వేయకపోయినా పనిచేస్తుంది. ధర తక్కువని మొదటి రకం కొని, ఆకాశంలో బొమ్మ కదలక తెల్లమొహం వేసినవాళ్లు ఉన్నారు. అలా కొన్నవాళ్లు జీపీఎస్ రిసీవర్ విడిగా కొనుక్కోవాలి.

మూడోది, పటం తేదీ. విమానాల చార్టులు 28 రోజులకి ఒకసారి మారే పద్ధతిలో నడుస్తాయి. అమెరికాలో ప్రభుత్వ చార్టులు ఉచితంగా దొరుకుతాయి. మన దగ్గర అధికారిక సమాచారం ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ప్రచురిస్తుంది. అక్కడ కొన్న యాప్‌లో ఇండియా చార్టులు వాటంతటవే ఉంటాయని అనుకోకూడదు. ఇది మాట వరసకి చెప్పడం కాదు. గోపాల్‌పూర్ పక్కనే ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది. అక్కడ ఫైరింగ్ ఉన్న రోజు ఆ సముద్రం మీది ఆకాశం విమానాలకి మూసేస్తారు. పాత పటంలో ఆకాశం ఎప్పుడూ ఖాళీగానే కనిపిస్తుంది.

నాలుగోది, కరెంటు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేక, మా ఇంట్లో ఫోన్లన్నీ చచ్చిపోయి, బ్యాటరీ సెల్స్ వేసే పాత రేడియో ఒక్కటే వార్తలు చెప్పింది. అందుకే రెండో పరికరం మొదటి దానికి కవల పిల్ల కాకూడదు. ఐప్యాడ్, ఐఫోన్ రెండూ ఒకే ఎండకి, ఒకే ఛార్జరుకి లోబడతాయి. ఒకటి పలక అయితే రెండోది సెల్స్‌తో నడిచే చేతి జీపీఎస్ కావాలి. మూడోది కాగితం, దిక్సూచి.

ఐదోది చాలా ముఖ్యం, పరాయి దేశాల్లో ఉన్నవాళ్లు బాగా గుర్తుపెట్టుకోండి. ఉపగ్రహం ద్వారా కబురు పంపే చిన్న పరికరాలు, శాటిలైట్ ఫోన్లు అక్కడ పర్వతాలెక్కేవాళ్లు, పైలట్లు మామూలుగా జేబులో పెట్టుకుంటారు. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా అవి ఉండకూడదు. తెలియక తెచ్చి విమానాశ్రయంలో పట్టుబడి కేసుల్లో ఇరుక్కున్న ప్రయాణికులున్నారు. మా మేనల్లుడు సంచీలో అలాంటిది ఒకటి పెట్టుకుందామనుకుని, బరువెక్కువైందని ఆఖరి నిమిషంలో తీసేశాట్ట. ఆ మాట విన్నాక వాళ్లమ్మకి ఆ పూట అన్నం సయించలేదు.

తిరుగు ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం మళ్లీ ఒడ్డుకి వెళ్లాం. అప్పుడే పడవ దిగిన ఒక పెద్దాయన చేతిలో ప్లాస్టిక్ సంచీలో చుట్టిన జీపీఎస్ ఉంది. మా వాడు ఆశగా వెళ్లి, "తాతా, ఇది ఉన్నాక ఇంకా కొండ గుర్తులు చూస్తారా?" అని అడిగాడు.

"చూస్తాం బాబూ. ఇదేటి చెప్తాదో సూస్తాం, కొండేటి చెప్తాదో సూస్తాం. రెండూ ఒకటే చెప్తే ఇంటికొస్తాం."

"రెండూ వేరేగా చెబితే?"

"అప్పుడు ఆగి ఆలోచిస్తాం."

వాడు అమెరికా వెళ్లాక తాతగారి షీటు ఫోటో ఒకటి అడిగి తెప్పించుకున్నాడు. పెన్సిలు గీత సరిగా కనపడటం లేదు, ఇంకోసారి తీసి పంపమన్నాడు. పంపాం.