రింగు ఆట వెనక కాకినాడ

నేల మీద ఒక కొయ్య మేకు నిలబెడతారు. చేతికి నాలుగైదు రింగులు ఇస్తారు. మేకు దగ్గర నుంచి వెనక్కి వరసగా గీతలు గీసి ఉంటాయి. ఏ గీత మీద నిలబడి విసరాలో శిక్షకుడు చెప్పడు, విసిరేవాళ్లే తేల్చుకోవాలి. దగ్గరి గీతకు మార్కులు తక్కువ, దూరం గీతకు ఎక్కువ. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలకు వెళ్లొచ్చినవాళ్లకు ఇలాంటి ఆటలు కొత్త కాదు. కుట్టుపనో, సెల్‌ఫోన్ రిపేరో, మేకల పెంపకమో నేర్చుకోవడానికి పార్వతీపురం మన్యం జిల్లా నుంచి వెళ్లే జాతాపు, సవర తెగల యువతకు కూడా అసలు పనితో పాటు ఇవీ పాఠంలో భాగమే. ఆట అయ్యాక శిక్షకుడు అడుగుతాడు: ఆ గీతనే ఎందుకు ఎంచుకున్నావు?

ఆ ప్రశ్న వయసు సుమారు డెబ్బై ఏళ్లు. అమెరికాలో పుట్టి, హైదరాబాద్ యూసుఫ్‌గూడకు వచ్చి, కాకినాడ వ్యాపారుల మీద పరీక్షకు నిలిచి, గుజరాత్, కర్ణాటకలు తిరిగి మళ్లీ మన కొండల దాకా చేరింది. ఆ దారిలో అన్నిటికన్నా ముఖ్యమైన మజిలీ కాకినాడ. మనవాళ్లు దాదాపుగా మరిచిపోయిందీ దాన్నే.

1930ల్లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో హెన్రీ ముర్రే అనే మనస్తత్వవేత్త ఒక పరీక్ష తయారుచేశాడు. అర్థం స్పష్టంగా తేలని ఒక బొమ్మ చూపించి, దాని మీద కథ చెప్పమంటారు. చెప్పేవాడి మనసులో ఏది తిరుగుతోందో అదే కథలోకి వస్తుందని ఆయన నమ్మకం. 1940ల చివర మరో మనస్తత్వవేత్త డేవిడ్ మెక్లెలాండ్ ఆ పరీక్షను అందుకుని దానికి లెక్క కట్టే పద్ధతి జోడించాడు. కథలో మనిషి ఇంతకుముందు కన్నా బాగా చేయాలని తపిస్తున్నాడా, అడ్డంకిని గుర్తిస్తున్నాడా, దాన్ని దాటే ఉపాయం వెతుకుతున్నాడా అని చూసి మార్కులు వేస్తారు. ఎక్కువ మార్కులు వస్తే సాధన ప్రేరణ ఎక్కువ ఉన్నట్టు. సహచరులతో కలిసి 1953లో ఆయన ఈ పద్ధతిని పుస్తకంగా వెలువరించాడు.

రింగులు ఇక్కడే కథలోకి వచ్చాయి. మెక్లెలాండ్ చిన్నపిల్లల చేత రింగులు వేయించి చూశాడు, ఆయన సహచరుడు జాన్ అట్కిన్సన్ బృందం కాలేజీ విద్యార్థుల చేత వేయించింది. సాధన ప్రేరణ తక్కువ ఉన్నవాళ్లు మేకును ఆనుకుని నిలబడటమో, అందనంత దూరం పోవడమో ఎక్కువగా కనిపించింది. దగ్గర నుంచి వేస్తే ఓటమి లేదు. మరీ దూరం నుంచి వేస్తే ఓడినా తప్పు తనది కాదు. ప్రేరణ ఎక్కువ ఉన్నవాళ్లు మాత్రం మధ్య గీతల దగ్గర ఆగారు. గురి కుదిరితే పడుతుంది, కుదరకపోతే పడదు. ఫలితం తమ నేర్పు మీద ఆధారపడే చోటు అది. వ్యాపారంలో నిలదొక్కుకునేవాడు కూడా ఇలాగే కొలిచి తెగిస్తాడని మెక్లెలాండ్ తేల్చాడు.

1961లో వచ్చిన ఆయన పుస్తకం ‘ది అచీవింగ్ సొసైటీ’ ఇంకా పెద్ద మాట అంది. పలు దేశాల పిల్లల వాచకాల్లోని కథలకు మార్కులు వేసి, ఎక్కడ సాధన ప్రేరణ ఎక్కువగా కనిపించిందో ఆ దేశాలు తర్వాతి దశాబ్దాల్లో వేగంగా ఎదిగాయని వాదించింది. అది నిజమైతే తర్వాతి ప్రశ్న దానంతటదే వస్తుంది. ఈ ప్రేరణ పుట్టుకతో రావలసిందేనా, ఎదిగిన మనిషికి నేర్పగలమా? నేర్పగలమని రుజువు చేయడానికి ఒక ఊరు కావాలి.

భారత ప్రభుత్వం చిన్న పరిశ్రమల అధికారుల శిక్షణ కోసం 1960లో ఢిల్లీలో ఒక సంస్థ పెట్టి, 1962లో దాన్ని హైదరాబాద్‌కు మార్చింది. అదే సియెట్, ఇవాళ ని-ఎంఎస్ఎంఇ పేరుతో యూసుఫ్‌గూడలో ఉన్న సంస్థ. మెక్లెలాండ్ బృందం దీనితో చేతులు కలిపింది. ఊరుగా కాకినాడను ఎంచుకున్నారు. అప్పటికి జనాభా లక్ష పైచిలుకు. రేవు ఉంది, మిల్లులున్నాయి, కాలేజీలున్నాయి. పెట్టుబడి పెట్టగలిగిన కుటుంబాలున్నాయి, కానీ పెద్ద పరిశ్రమల కేంద్రంగా ఎదగలేదు. ప్రయోగానికి సరిగ్గా అలాంటి ఊరే కావాలి.

1964లో మొదలుపెట్టి కాకినాడ నుంచి 52 మంది వ్యాపారులను విడతలుగా హైదరాబాద్ పిలిచారు. శిక్షణ పదిరోజులు. అక్కడ ఎవరికీ జమాఖర్చులు నేర్పలేదు, యంత్రాల గురించి చెప్పలేదు. బొమ్మలు చూసి కథలు రాయించారు. ఆ కథలకు మార్కులు వేసే పద్ధతిని వాళ్లకే నేర్పి, తమ కథలను తామే దిద్దుకోమన్నారు. ఆటలు ఆడించి, ఎవరు ఎంత తెగించారో, ఎందుకు తెగించారో చర్చకు పెట్టారు. నువ్వెవరు, నీ జీవితంలో దేనికి విలువ ఇస్తావు, నీ మతమూ కుటుంబమూ చెప్పేదానికీ నువ్వు చేయదలిచిందానికీ పొత్తు కుదురుతుందా అని అడిగారు. చివర్లో ప్రతి ఒక్కరూ రాబోయే రెండేళ్లకు తన లక్ష్యం కాగితం మీద పెట్టాలి. ఊరికి తిరిగి వెళ్లాక ఎంతవరకు వచ్చిందో విడతలవారీగా తెలియజేయాలి. ఒకే ఊరివాళ్లను తీసుకోవడంలో ఉద్దేశం కూడా అదే, తిరిగి వెళ్లాక ఒకరికొకరు తోడుంటారని.

ఈ మొత్తంలో మెచ్చుకోవలసింది ఆటలు కాదు, పోలిక. శిక్షణ పొందిన వాళ్లు బాగుపడ్డారని చెప్పి ఊరుకోలేదు. శిక్షణ పొందని వ్యాపారులను కూడా, రాజమండ్రి వాళ్లతో సహా, అన్నే ఏళ్లు గమనించారు. కొత్త వ్యాపారం, విస్తరణ, పెట్టుబడి, పనిగంటలు, కొత్తగా పనిలో పెట్టుకున్నవాళ్లు, అన్నీ లెక్క తీశారు. మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ 1969లో ‘మోటివేటింగ్ ఎకనామిక్ అచీవ్‌మెంట్’ పేరుతో ఫలితాలు ప్రకటించారు. శిక్షణ పొందినవాళ్లలో దాదాపు సగం మంది తర్వాతి రెండేళ్లలో వ్యాపారాన్ని చురుగ్గా పెంచారు. పొందనివాళ్లలో అలా పెంచింది సుమారు నాలుగోవంతు. కులం గానీ, సంప్రదాయ విశ్వాసం గానీ ఇందులో నిర్ణయించే అంశం కాలేదు. హిందూ సమాజంలో వ్యాపార చొరవ పుట్టదని అప్పట్లో బలంగా వినిపించిన వాదానికి కాకినాడ వ్యాపారులు ఇచ్చిన జవాబు ఇది.

అదే పుస్తకంలో ఇంకో విషయం ఉంది, తర్వాత దీన్ని అందుకున్నవాళ్లు పెద్దగా పట్టించుకోనిది. శిక్షణ ఎవరి మీద పనిచేసింది? ప్రధానంగా తన వ్యాపారం పగ్గాలు తన చేతిలోనే ఉన్నవాళ్ల మీద. తండ్రో అన్నో యజమానో నిర్ణయాలు తీసుకునే చోట, ప్రేరణ పెరిగినా అది పనిగా మారలేదు.

కాకినాడ వ్యాపారులు లక్ష్యాల కాగితాలు నింపుతున్న ఆ ఏళ్లలోనే, అక్కడికి ఈశాన్యాన, అప్పటి శ్రీకాకుళం జిల్లా పార్వతీపురం ఏజెన్సీలో గిరిజనుల బతుకు వేరుగా ఉంది. కొండపోడు పంట, చింతపండు, అడ్డాకులు సంతకు చేరేలోపే షావుకారి అప్పుకింద జమ అయ్యేవి. భూములు తాకట్టులో పోయేవి. ధర చెప్పేది కొనేవాడు. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం అనే ఇద్దరు ఉపాధ్యాయులు గిరిజనులను సంఘంగా కూర్చారు. 1967 అక్టోబర్ 31న మొండెంఖల్లు సభకు వెళుతున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర కాల్పులు జరిగి కోరన్న, మంగన్న చనిపోయారు. తర్వాతి మూడేళ్ల సాయుధ పోరాటం, అణచివేత, పార్వతీపురం కుట్ర కేసు తెలిసిన చరిత్రే. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా కట్టుదిట్టం చేసిన 1970 నాటి ఒకటో నంబరు రెగ్యులేషన్ ఆ వేడిలోంచే వచ్చింది. అక్కడివాళ్లకు తెగువ లేదని ఎవరూ అనలేరు. లేనిది పగ్గం.

ఈ మాటకు పదేళ్ల తర్వాత ఇంకో వైపు నుంచి లెక్కలతో సహా ఆధారం దొరికింది. అందులో తెలుగు పల్లెలూ ఉన్నాయి. పటాన్‌చెరులోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో ఆరు గ్రామాల్లో దీర్ఘకాల అధ్యయనం మొదలుపెట్టింది. వాటిలో రెండు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఊళ్లు, ఔరేపల్లి, డోకూరు. మిగిలినవి మహారాష్ట్రవి. ఆ ఆరు ఊళ్లలోని 240 కుటుంబాలతో అర్థశాస్త్రవేత్త హాన్స్ బిన్స్‌వాంగర్ ఒక ఆట ఆడించాడు. ఖాయంగా 50 రూపాయలు తీసుకోవచ్చు. లేదంటే బొమ్మాబొరుసు వేసి ఒకవైపు పడితే 200, రెండోవైపు పడితే సున్నా. ఈ రెంటి నడుమ మెట్లుమెట్లుగా మరికొన్ని పందేలు. ఉత్తుత్తి ఆట కాదు, గెలిచిన డబ్బు నిజంగానే చేతిలో పెట్టారు. పెద్ద పందేల్లో అది కూలీ నెల సంపాదన కన్నా ఎక్కువ.

1980లో అచ్చయిన ఫలితం అప్పటి అర్థశాస్త్రవేత్తలను ఆలోచనలో పడేసింది. చిన్న మొత్తాల దగ్గర తలా ఒక రకంగా ఆడినా, పందెం పెద్దదయ్యే కొద్దీ అందరూ ఇంచుమించు ఒకేలా, ఓ మోస్తరు జాగ్రత్తతో ఆడారు. భూమి ఉన్నవాడికీ లేనివాడికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అలాంటప్పుడు ఉన్నవాడు కొత్త విత్తనం, కొత్త ఎరువు ముందుగా వాడటానికీ, లేనివాడు వెనకబడటానికీ కారణం గుండె ధైర్యంలోని తేడా కాదు. అప్పు ఎవరికి పుడుతుంది, సమాచారం ఎవరికి ముందు అందుతుంది, పంట పోతే ఎవరు తట్టుకోగలరు అన్నదాంట్లో ఉంది. మనుషులు డబ్బు విషయంలో ఎలా నిర్ణయిస్తారో పరిశోధించేవాళ్లు ఇవాళ్టికీ ఆ వ్యాసాన్ని తొలి ప్రయోగాల్లో ఒకటిగా ఉదహరిస్తారు.

కాకినాడ పాఠం మాత్రం మొదటి రూపంలోనే ప్రయాణించింది. గుజరాత్ 1970 నుంచి కొత్త పారిశ్రామికవేత్తల శిక్షణలో దాన్ని వాడుకుంది. అహ్మదాబాద్‌లో 1983లో జాతీయ స్థాయి సంస్థే వెలిసింది. కర్ణాటకలోని ఉజిరెలో 1982లో ధర్మస్థల ధర్మాధికారి వీరేంద్ర హెగ్డే చొరవతో, రెండు బ్యాంకుల తోడ్పాటుతో నిరుద్యోగ యువత కోసం రుడ్‌సెట్ సంస్థ మొదలైంది. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ ఆ నమూనానే దేశమంతా జిల్లాకొకటిగా పెట్టించింది. రింగులు, మేకు అలా మన జిల్లాలకు తిరిగొచ్చాయి.

ఆ శిక్షణ వృథా అనడం అన్యాయం. పార్వతీపురం కొండల్లో ఇప్పుడు పరిస్థితి 1967 నాటిది కాదు. సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటిడిఏ) ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టాలు వచ్చినవాళ్లున్నారు. 2000లో ఉమ్మడి రాష్ట్రంలో వెలుగు పథకం మొదలైన ఆరు జిల్లాల్లో, అప్పట్లో పార్వతీపురం ఉన్న విజయనగరం ఒకటి, ఆ పథకం పొదుపు సంఘాల మహిళలు తమ పేరు మీద అప్పు తెచ్చుకుంటున్నారు. కొండచీపుర్లు, జీడిపిక్కలు, పసుపు, చింతపండు ఎప్పుడు అమ్మాలో, ఎవరికి అమ్మాలో కొంతవరకైనా తామే నిర్ణయించుకోగల కుటుంబాలు ఉన్నాయి. వాళ్లకు రింగు ఆట పనికొస్తుంది. పట్టా రాని, అప్పు పుట్టని, వానాకాలం రోడ్డు తెగిపోయే ఊరి యువకుడికి అదే ఆట ఆడించి, నీలో ప్రేరణ చాలలేదని మార్కు వేస్తే అది తప్పుడు లెక్క. కాకినాడ పుస్తకమూ ఆ మాటే చెబుతుంది, ఔరేపల్లి పందేలూ ఆ మాటే చెబుతాయి.

శిక్షణ సంస్థలు తమ దగ్గర నేర్చుకున్నవాళ్లను రెండేళ్లపాటు గమనించి, ఎంతమంది స్థిరపడ్డారో నమోదు చేస్తున్నాయి. అది మంచి పద్ధతే. అయితే కాకినాడలో చేసినట్టు శిక్షణ పొందనివాళ్లతో పోల్చి చూడటం వాళ్ల మామూలు పనిలో భాగం కాదు. పార్వతీపురం ఐటిడిఏ, 2019లో విజయనగరంలో మొదలైన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం కలిసి ఆ పని చేపట్టాలి. శిక్షణ ఒక్కటే అందిన ఊళ్లు, శిక్షణతో పాటు అప్పు, పట్టా, కొనుగోలు హామీ అందిన ఊళ్లు, ఏదీ అందని ఊళ్లు: మూడింటినీ రెండేళ్లు పక్కపక్కన పెట్టి చూసి, ఫలితాన్ని తెలుగులో ప్రకటించాలి.