పట్టాలు లేని రైలుబడి

1937. చైనా మీద జపాన్ పూర్తిస్థాయి యుద్ధానికి దిగిన ఏడాది. బళ్లలో పిల్లల చేత చక్రవర్తి పటానికి వంగి దండాలు పెట్టిస్తున్న రోజులు. సరిగ్గా అప్పుడే టోక్యోలోని జియుగావొకాలో సొసాకు కొబయాషి అనే సంగీతం మాస్టారు ఒక బడిని చేతిలోకి తీసుకుని, దానికి ‘టొమోయే’ అని కొత్త పేరు పెట్టారు. తరగతి గదులంటారా? రైల్వేవాళ్లు వద్దనుకున్న పెట్టెలే.

కొబయాషి కలిగినింటి బిడ్డ కాదు. పేద రైతు కుటుంబంలో పుట్టి, చిన్న వయసులోనే పంతులుగా చేరి, టోక్యో వచ్చి కష్టపడి సంగీతం నేర్చారు. 1920లలో యూరప్ వెళ్లి డాల్‌క్రోజ్ అనే సంగీత గురువు దగ్గర ‘యూరిథ్మిక్స్’ చదివారు. సంగీతాన్ని చెవితోనే కాదు, ఒళ్లంతటితో నేర్చుకోవాలన్నది ఆ పద్ధతి. టొమోయేలో ఆయన పియానో వాయిస్తుంటే పిల్లలు హాల్లో లయకు అడుగులేసేవారు. ఒక్కోసారి సుద్దముక్కలిచ్చి, విన్న స్వరాలను నేలమీదే పెద్దపెద్దగా రాయమనేవారు. పాఠం అయ్యాక ఆ నేలంతా రుద్ది కడగాల్సింది కూడా వాళ్లే. ఇంక గోడల మీద గీతలు గీసే ఓపిక ఎవరికుంటుంది!

మొత్తం యాభైమంది దాకా పిల్లలు. పొద్దున్నే ఎవరికి ఇష్టమైన పాఠం వాళ్లు ముందు మొదలుపెట్టుకోవచ్చు. మధ్యాహ్నం క్యారేజీలు తెరిచాక సముద్రానిది ఒకటి, నేలమీదిది ఒకటి ఉండాలి. ఏదైనా తక్కువైన పిల్లల క్యారేజీలో హెడ్మాస్టరుగారి భార్య వడ్డించేవారు.

అల్లరి ఎక్కువైందని మొదటి బడి పంపించేసిన ఒక పిల్ల ఈ బడికి వచ్చింది. పేరు తెత్సుకో కురొయానగి, ముద్దుపేరు టోటోచాన్. కొబయాషి ఆమె తల్లిని ఇంటికి పంపేసి, పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, చెప్పాలనుకున్నదంతా చెప్పమన్నారు. పొద్దున మొదలైన కబుర్లు భోజనాల వేళదాకా సాగాయి. ఆయన ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

రైలుపెట్టెల మాట అందరూ చెప్పుకుంటారు గానీ, నన్నడిగితే కొబయాషి ఎవరో తెలియాలంటే మరుగుదొడ్డి గుంట దగ్గరికి వెళ్లాలి. టోటోచాన్ పర్సు అందులో పడిపోయింది. ఆ పిల్ల పొడుగు కాడ తెడ్డు ఒకటి సంపాదించి, బడి వెనక గుంట మూత తీసి, ఉన్నదంతా తోడి పక్కన కుప్ప పోస్తోంది. అటుగా వచ్చిన హెడ్మాస్టరు ఏం చేస్తున్నావని అడిగారు. పర్సు పడిపోయిందంది. సరే, అయ్యాక అదంతా మళ్లీ లోపల పోసేస్తావు కదా అని, చేతులు వెనక్కి కట్టుకుని తన దారిన వెళ్లిపోయారు. కేకలు లేవు, ముక్కు మూసుకోవడం లేదు. పర్సు దొరకలేదు. టోటోచాన్ మాత్రం కుప్పనంతా తిరిగి పోసేసింది, తడిసిన మట్టితో సహా. మన బళ్లలో ఇది జరిగి ఉంటే ఆ సాయంత్రానికి తండ్రికి కబురు వెళ్లేది.

మరో రైలుపెట్టె వస్తోందని తెలిసినప్పుడు పట్టాలు లేకుండా ఎలా వస్తుందని పిల్లలు తర్జనభర్జన పడ్డారు. చూడాలంటే ఆ రాత్రి ఇక్కడే పడుకోండన్నారు మాస్టారు. పిల్లలు దుప్పట్లు తెచ్చుకున్నారు. తెల్లవారుజామున ట్రాక్టరు లాక్కొచ్చిన పెట్టెను కూలీలు గుండ్రటి దుంగల మీద దొర్లించి దించారు. అది లైబ్రరీ అయింది.

1945లో అమెరికన్ విమానాల దాడిలో పెట్టెలన్నీ కాలిపోయాయి. మంటలు ఆరకముందే కొబయాషి పక్కనున్న కొడుకును, ఈసారి ఎలాంటి బడి కడదామని అడిగారు. యుద్ధం ముగిశాక అదే చోట శిశు విద్యాలయం నడిపారు, సంగీత కళాశాలలో పాఠాలు చెప్పారు. ప్రాథమిక పాఠశాల మాత్రం మళ్లీ లేవలేదు. 1963లో ఆయన పోయారు.

పెద్దయ్యాక టొమోయేలోనే పంతులమ్మగా చేరతానని టోటోచాన్ ఆయనకు మాటిచ్చింది. పెద్దయ్యేసరికి చేరడానికి బడి లేదు. నటి అయింది, టీవీలో పేరు తెచ్చుకుంది, 1981లో ఆ బడి కథను పుస్తకంగా తెచ్చింది. మన తెలుగు పిల్లలు, పంతుళ్లు ‘రైలుబడి’గా చదువుకుంటున్నది దాన్నే.