‘అమ్మవారు పోసింది’: ఒక సభ్యోక్తి చరిత్ర

అర్థవిపరిణామాన్ని చర్చించినవారు సభ్యోక్తికి ‘బియ్యం నిండుకున్నాయి’, ‘దీపం కొండెక్కింది’ వంటి ఉదాహరణలిస్తారు. వీటిలో అమంగళం శుభార్థక క్రియ చాటుకు పోతుంది. నిర్మల్ జిల్లా ఖానాపూర్ పరిసరాల్లోనూ వినిపించే ‘అమ్మవారు పోసింది’ తీరు వేరు. ఇది వ్యాధిని దాచదు, దానికి కర్తను చూపుతుంది. ‘మశూచి సోకింది’ అంటే రోగి బాధితుడు. ‘అమ్మవారు పోసింది’ అంటే అతడు దేవత వచ్చి నిలిచిన చోటు. వేపమండలు, చలువ, సారంగాపూర్ మండలంలోని అడెల్లి పోచమ్మకు మొక్కు, ఇవన్నీ చికిత్స కన్నా అతిథిమర్యాదకే దగ్గర అనిపిస్తాయి.

ఒకప్పుడు ‘పెద్దమ్మవారు’ మశూచి, ‘చిన్నమ్మవారు’ ఆటలమ్మ. 1975 తరువాత భారతదేశంలో మశూచి కనబడలేదు; 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాని నిర్మూలనను ప్రకటించింది. వ్యాధి పోయినా మాట పోలేదు, ఆటలమ్మకు మిగిలింది. పోల్చడానికి రెండవది లేక ‘పెద్ద’, ‘చిన్న’ విశేషణాలు సన్నగిల్లాయి. సభ్యోక్తిగా పుట్టిన పదం ఈ విధంగా వస్తుపరిణామానికి చేరువైంది.

ఆటలమ్మ చాలామందికి తగ్గిపోయే జబ్బు. తీవ్రరూప మశూచి సోకినవారిలో దాదాపు మూడవవంతు మరణించేవారు. కనుక పాత మౌఖిక కథనాలలోని ‘అమ్మవారు’ను నేటి అర్థంతో చదివితే ప్రాణాంతకమైన మారిని పిల్లల జ్వరంగా పొరబడతాం. నిఘంటువులు ఈ రెండర్థాలనూ కాలాన్ని బట్టి వేరుచేసి చూపవలసి ఉంది.