మేకుకూ పాదానికీ నడుమ

పాడుబడ్డ భవనాలను చూసి రావడం ఇప్పటి యువతకు ఒక ఆసక్తి. మూతపడ్డ మిల్లులు, కప్పు కూలిన బంగళాలు, తలుపులు ఊడిన సినిమా హాళ్ళు, ఎవరూ కాపురముండని రైల్వే క్వార్టర్లు, కోటల లోపలి శిథిల గృహాలు. వీటిలోకి వెళ్ళేవారు టార్చిలైటు, నీళ్ళసీసా, ఫోను ఛార్జరు ముందురోజే సర్దుకుంటారు. కాళ్ళకు మాత్రం ఆ పూట గుమ్మంలో ఏవి కనబడితే అవి తొడుక్కుని బయలుదేరతారు. అనుమతి లేని చోటికీ, కూలడానికి సిద్ధంగా ఉన్న చోటికీ పోవద్దని చెప్పడం వైద్యునిగా నా ధర్మం. అనుమతితో వెళ్ళేవారికీ, తాతల నాటి ఇంటిని పడగొట్టించడానికి ఊరు వెళ్ళేవారికీ పాదరక్షల గురించి కొంత చరిత్ర చెప్పాలని ఈ వ్యాసం.

గట్టి బూటు అనగానే మనకు కాలివేళ్ళను కప్పే ఇనుప తొడుగు తలపుకు వస్తుంది. కర్మాగారాలలో, గనులలో బరువైన వస్తువులు పాదం మీద పడి వేళ్ళు నుజ్జయ్యేవి కాబట్టి మొదట ఆ తొడుగే వచ్చింది. పాడుబడ్డ ఇంటి సంగతి వేరు. అక్కడ విలువైన కలపను ఎవరో ఏనాడో ఊడదీసుకుపోయి ఉంటారు. మిగిలిన చెక్కముక్కలు వెల్లకిలా పడి ఉంటాయి, వాటి మేకులు మొన పైకి పెట్టుకుని ఉంటాయి. వాటి మీద ధూళి, ఎండుటాకులు, పెంకుల పొడి పరచుకుంటాయి. కాబట్టి అక్కడ ప్రమాదం తరచుగా అరికాలి కిందినుండే వస్తుంది. బూటు ముందుభాగాన్ని తట్టి చూసే కొనుగోలుదారు దాన్ని తిరగేసి అడుగును చూడడం అరుదు. బూట్లు తయారుచేసినవారి దృష్టి కూడా అడుగు మీదికి ఆలస్యంగానే మళ్ళింది.

మేకు దిగితే ఏమవుతుందో మన పూర్వులకు తెలుసు. శరీరం వింటిబద్దలా వెనుకకు వంగిపోయే వ్యాధిని సుశ్రుతసంహిత ధనుస్తంభమని పేర్కొన్నది. మన వాడుకలోని ధనుర్వాతం అనే పేరులోనూ ఆ విల్లే ఉంది. పాదరక్షలు ధరించడం పాదాల బాధలను పోగొడుతుందని చరకసంహిత దినచర్యా విధులలో చెప్పింది. అయితే ఆ హితవు అందరికీ అందలేదని కూడా చెప్పుకోవాలి. తోలు ఊని చెప్పులు కుట్టిన మాదిగ కుటుంబాలవారే పెద్దకులాల వీధులలో వాటిని కాళ్ళకు తొడుక్కోవడానికి వీలులేని కట్టుబాటు మన పల్లెలలో నిన్నమొన్నటి దాకా నడిచింది. పొలంలో, పశువులపాకలో, పడగొట్టిన ఇళ్ళ మట్టిలో ఉత్తికాళ్ళతో పనిచేసినవారు ఎక్కువగా వారే. ధనుర్వాతపు చరిత్ర రాసేటప్పుడు సూక్ష్మజీవి పేరు ఒక్కటే రాస్తే ఆ చరిత్ర సగమే అవుతుంది.

ఆ సూక్ష్మజీవి 19వ శతాబ్దం చివరలో పట్టుబడింది. 1884లో ఇటలీకి చెందిన కార్లే, రత్తోనే అనే వైద్యులు రోగి పుండులోని పదార్థాన్ని కుందేళ్ళకు ఎక్కించి వ్యాధిని కలిగించారు. అదే సంవత్సరం జర్మనీలో ఆర్థర్ నికొలాయెర్ తోటమట్టిని జంతువులకు ఎక్కించి అదే వ్యాధిని చూశాడు. వ్యాధి మూలం మట్టిలో ఉందని అప్పుడు రుజువైంది. 1889లో జపాను శాస్త్రవేత్త కితసాతో ఆ క్రిమిని విడిగా పెంచగలిగాడు. గాలి తగిలే చోట అది పెరగదు. అందుకే మేకు గాయం దానికి అనువైన చోటు. పైన చిన్న రంధ్రం, క్షణంలో మూసుకుపోతుంది, లోపల లోతైన, గాలి సోకని గది. రక్తం కూడా అంతగా కారదు కనుక మనిషి నిర్లక్ష్యం చేస్తాడు.

ఇక్కడొక అపోహను తొలగించాలి. తుప్పు వలన ధనుర్వాతం రాదు. తుప్పుపట్టిన మేకు చాలాకాలంగా మట్టిలోనో తేమలోనో ఉన్నదని గుర్తు, అంతే. గరుకుతేలిన దాని ఒంటికి మట్టి ఎక్కువ అంటుకుంటుంది. మెరిసే కొత్త మేకు కూడా మట్టి తాకి ఉంటే అంతే ప్రమాదం. తుప్పు లేదు కదా అని సూదిమందు వద్దన్నవారిని నా వృత్తిలో చాలామందిని చూశాను.

1890లో బెహ్రింగ్, కితసాతో కలిసి విషహర సీరాన్ని కనుగొన్నారు. మొదటి ప్రపంచయుద్ధం ఆరంభంలో, ఎరువు వేసిన ఫ్రాన్సు, బెల్జియం పొలాలలో గాయపడిన సైనికులకు ధనుర్వాతం విరివిగా సోకింది. గాయపడిన ప్రతివానికీ ఆ సీరం ఇవ్వడం మొదలుపెట్టాక ఆ సంఖ్య త్వరగా పడిపోయింది. 1920లలో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు టీకాను రూపొందించారు. రెండవ ప్రపంచయుద్ధంలో టీకాలు వేయించుకుని వెళ్ళిన అమెరికా సైన్యంలో, గాయాలతో ఆసుపత్రులలో చేరినవారు 27 లక్షలకు పైగా ఉండగా ధనుర్వాతం సోకినవారు కేవలం 12 మంది. మన దేశం తల్లులలో, నవజాత శిశువులలో ఈ వ్యాధిని 2015లో నిర్మూలన స్థాయికి తీసుకురాగలిగింది. ఇక్కడ నిర్మూలన అంటే ఏ జిల్లాలోనూ వెయ్యి జననాలకు ఒక కేసు కూడా మించకపోవడం. మట్టిలో ఆ బీజం అలాగే ఉంది. గర్భవతులకు టీకా తప్పనిసరిగా అందుతుంది గానీ, బడి వయసు దాటిన మగవారికి అది గుర్తు చేసేవారు లేరు. శిథిల భవనాలలోకి వెళ్ళేవారిలో ఎక్కువమంది వారే కావడం విచారకరం.

టీకా ధనుర్వాతాన్ని ఆపుతుంది, మేకును ఆపదు. మేకును ఆపే అడుగు కూడా యుద్ధంలోనే పేరుకెక్కింది. 1960లలో వియత్నాం అడవులలో వెదురు బద్దలను సూదిగా చెక్కి, మలం పూసి, గుంటలలో పాతి పైన ఆకులు కప్పేవారు. వాటిని పుంజీ కర్రలన్నారు. గాయంకన్నా ఆ తర్వాతి చీము సైనికుణ్ణి ఎక్కువకాలం పడకేయించేది. అప్పుడు అమెరికా సైన్యం తన అడవి బూట్ల సోలులో పలుచని ఉక్కురేకును పొదిగించింది. ఆ బూటు పక్కన నీరు కారిపోవడానికి చిన్న రంధ్రాలు కూడా ఉండేవి. ఎండుటాకుల కింద దాగిన మొన అనే విషయంలో ఆ గుంటకూ మన పాడుబడ్డ మిల్లు నేలకూ పెద్ద తేడా లేదు. పుంజీ కర్ర అడుగునే కాక పిక్కను, చీలమండను కూడా పొడిచేది, దానికి ఆ రేకు ఏమీ చేయలేకపోయింది.

ఇదే కాలంలో సామాన్య ప్రజల పాదాలకు వేరే మార్పు వచ్చింది. కలకత్తా సమీపాన బాటానగర్‌లో 1930లలోనే రబ్బరు, కాన్వాసు బూట్లు తయారవుతుండేవి. తరువాత స్పాంజి అడుగున్న క్రీడాబూట్లు ఇంటింటికీ వచ్చాయి. ఇవి మెత్తగా ఉండి నడకకు హాయినిస్తాయి. వీటి అడుగున మేకు దిగితే ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నదని 1960ల చివరినుండి వైద్య పత్రికలలో వెలువడసాగింది. చెమటతో తడిసిన ఆ స్పాంజి పొరలో సూడోమోనాస్ అనే క్రిమి నివసిస్తుంది. మేకు ఆ పొర గుండా దూసుకొని వచ్చి దాన్ని నేరుగా ఎముకలో నాటుతుంది. 1980లలో పరిశోధకులు రోగుల బూట్ల లోపలినుండి ఆ క్రిమిని బయటికి తీసి చూపారు.

ఈ గాయం నడత మోసపూరితం. మొదటి రెండు మూడు రోజులు నొప్పి తగ్గుతుంది, మనిషి నడుస్తాడు. వారమో పదిరోజులో గడిచాక మళ్ళీ నొప్పి, వాపు మొదలవుతాయి. జ్వరం ఉండకపోవచ్చు. తొలి ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోవచ్చు. పుండు మానడానికి మామూలుగా ఇచ్చే యాంటీబయాటిక్ మాత్రలు ఈ క్రిమి మీద పనిచేయవు. కొన్నిసార్లు మేజోడు ముక్కో, స్పాంజి తునకో లోపలే ఉండిపోతుంది. మేకు గుచ్చుకున్నప్పుడు ఏ పాదరక్ష వేసుకున్నారో వైద్యునికి తప్పక చెప్పండి. వీలైతే దాన్నే తీసుకువెళ్ళి చూపండి. మేకుతో పాటు సోలులోని ముక్క ఊడిందో లేదో చూస్తే సగం అనుమానం తీరుతుంది.

మధుమేహులకు ఈ కథ ఇంకా కఠినం. చిత్తూరు జిల్లాకు పొరుగున ఉన్న వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు కుష్ఠురోగుల చేతులను, కాళ్ళను ఏళ్ళ తరబడి పరిశీలించాడు. వారి పాదాలు వ్యాధి తిన్నందువలన కాదు, నొప్పి తెలియక మళ్ళీ మళ్ళీ గాయపడినందువలన నశిస్తున్నాయని ఆయన చూపించాడు. ఆ కృషిలోనుండే మెత్తని మైక్రోసెల్యులార్ రబ్బరు చెప్పులు వచ్చాయి. నేడు మన మధుమేహ రోగులకు సూచించే ఎంసీఆర్ చెప్పులు అవే. మీరు వాటిని వాడుతుంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. అవి పాదంపై ఒత్తిడిని పంచడానికి చేసినవి, మేకును ఆపడానికి కాదు. స్పర్శ తగ్గిన పాదంతో శిథిల భవనంలోకి అసలు వెళ్ళకపోవడమే మేలని నా అభిప్రాయం. మేకు గుచ్చుకున్నదని రాత్రి మేజోడు విప్పేదాకా తెలియని రోగులున్నారు.

నీటి సంగతి క్లుప్తంగా చెబుతాను. 1853లో ఫ్రాన్సులో హైరమ్ హచిన్సన్ అనే అమెరికన్ గట్టిపరచిన రబ్బరుతో రైతులకు పొడుగు బూట్లు చేయించాడు. మన గంబూట్లు ఆ వంశానివే. ఎలుకల మూత్రం కలిసిన మురికినీటినుండి, అంటే లెప్టోస్పైరా జ్వరంనుండి, అవి కాపాడతాయి. పాములు ఎక్కువగా కాటువేసే చీలమండ పరిసరాలను కప్పుతాయి. కానీ అడుగున రేకు లేని గంబూటులో మేకు సునాయాసంగా దిగుతుంది.

ఇక కొనే వేళ. మన దేశంలో భద్రతా పాదరక్షల ప్రమాణం ఐఎస్ 15298. దాని రెండవ భాగం ప్రకారం చేసిన బూటు వేళ్ళ తొడుగు 200 జౌళ్ళ దెబ్బకు, అంటే 20 కిలోల బరువు సుమారు ఒక మీటరు ఎత్తునుండి పడినప్పటి దెబ్బకు, నిలవాలి. అడుగు మాత్రం అన్నింటిలోనూ మేకును ఆపదు! నాలుక మీదో లోపలి చీటీ మీదో ‘పి’ అనే గుర్తు, లేదా ఎస్1పి, ఎస్3 అనే గుర్తు ఉన్నదో లేదో చూడండి. ఉంటే 4.5 మిల్లీమీటర్ల మందమున్న పరీక్షా మేకును 1100 న్యూటన్ల బలంతో, అంటే దాదాపు 110 కిలోల ఒత్తిడితో నొక్కినా అది దిగకూడదు. ఇంతకన్నా సన్నని మొన తక్కువ బలంతోనే దిగవచ్చు. గోడమీదినుండి దూకితే ఏ అడుగూ మాట నిలుపుకోలేదు. ఉక్కురేకుకు బదులు గట్టి నేతపొర ఉన్న బూట్లు తేలికగా ఉండి పాదమంతా కప్పుతాయి, ఉక్కు సన్నని మేకులకు మెరుగు. కూలిన కలప మీద నడిచేవారికి నేను ఉక్కునే ఎంచుతాను. చీలమండ దాటి పైకి ఉండేవి, లేసు బిగించగలిగేవి తీసుకోండి.

మన అలవాటు ఒకటి ఇక్కడ అడ్డు వస్తుంది. గడప కనబడగానే చెప్పులు విప్పుతాం. శిథిలాలయాల్లో, పాత ఇళ్ళలో చేయి తనంతట తానే కాళ్ళ దగ్గరికి పోతుంది. పూజలున్న చోట ఆ మర్యాద పాటించవలసిందే. దీపం పెట్టేవారూ ఊడ్చేవారూ లేని చోట గడప లోపలి నేల కూడా వీధి నేలే. తిరిగి వచ్చాక మాత్రం ఆ బూట్లు మన గుమ్మం దాటి లోపలికి రాకూడదు. 1986లో అణుప్రమాదం తరువాత ఖాళీ అయిన చెర్నోబిల్ ప్రాంతానికి వెళ్ళేవారు పాదాలను పూర్తిగా కప్పే బూట్లు వేసుకోవలసి ఉండేది, తిరిగివచ్చేటప్పుడు వాటికి ఏమైనా అంటుకున్నదేమోనని యంత్రంతో పరీక్షించేవారు. మన భవనాలలో రేడియోధార్మికత లేకున్నా, పగిలిన ఆస్బెస్టాస్ రేకుల పొడీ, సీసం కలిసిన పాత రంగుల పెళ్ళలూ అడుగు గాడులలో ఇంటికి వస్తాయి. పసిపిల్లలు పాకే నేల మీద అవి రాలకూడదు. తడిగుడ్డతో బయటే తుడవండి, చీపురుతో దులిపితే ధూళి లేస్తుంది.

మేకు గుచ్చుకుంటే నీళ్ళతో, సబ్బుతో ధారాళంగా కడిగి, అదే రోజు వైద్యుని చూడండి. మురికి గాయమైతే చివరి టీకా వేయించుకుని 5 ఏళ్ళు దాటినవారికి మళ్ళీ వేస్తారు. పూర్తి టీకాలు ఎన్నడూ వేయించుకోనివారికి టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ కూడా అవసరం. పసుపు, సున్నం, వేడినూనె పెట్టి రంధ్రాన్ని మూసివేయవద్దు, ఆ క్రిమి కోరేది గాలి ఆడకపోవడమే.

చివరిగా, అటకమీది పాత బూట్ల గురించి. పాలీయురిథేన్ సోలున్న బూట్లు వాడకుండా ఉంచినా కొన్నేళ్ళకు గాలిలోని తేమకు లోలోపల శిథిలమై, ఒకరోజు తొడిగి నడవగానే అడుగు ముక్కలుగా రాలిపోతుంది. భద్రతా బూటు మీద తయారైన కాలం ముద్రించి ఉంటుంది. పెట్టె తెరవగానే ముందు ఆ అంకె చదవండి, తరువాత బూటును రెండు చేతులతో వంచి సోలు పగుళ్ళు చూడండి.